కిశోర అద్భుత కథారచన: దుబల్గుండి దిక్కు నుంచి

పన్నెండు దాటి పద్దెనిమిదికి ఇంకా చేరని పాఠకుల కోసం మాయలు, మంత్రాలు, దయ్యాలు, పూర్వజన్మలు, వేరే లోకాలు ఇరుసుగా రాసే నవలనీ కథనీ కిశోర అద్భుత సాహిత్యం అనవచ్చు. ఇంగ్లీషు ప్రచురణరంగం దీన్ని యంగ్ అడల్ట్ ఫాంటసీ అంటుంది. దయ్యాలూ అతీంద్రియ శక్తులూ మన రోజువారీ లోకంలోనే, మన వీధిలోనే తారసపడితే దాన్ని పారానార్మల్ అంటుంది. తెలుగులో ఈ రెండింటికీ పాత చుట్టాలు లెక్కకు మించి ఉన్నారు. కిశోర పాఠకుల కోసమే అనుకుని రాసిన పుస్తకాలు మాత్రం తక్కువ. కొత్తగా కలం పట్టినవారికి ఉన్న అవకాశమూ చిక్కూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

దుబల్గుండి కర్ణాటకలోని బీదరు జిల్లా, హుమ్నాబాద్ ప్రాంతపు ఊరు. హైదరాబాదు నుంచి పుణెకు పోయే జాతీయ రహదారి జహీరాబాద్ దాటాక హుమ్నాబాద్ మీదుగానే సాగుతుంది. బీదరు జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడినప్పుడు జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు మెదక్ జిల్లాకు వచ్చాయి, బీదరు అప్పటి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. గీత గీసినంత మాత్రాన మాట మారదు. ఆ జిల్లాలో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఇప్పటికీ పక్కపక్కనే వినిపిస్తాయి. అలాంటి చోట తెలుగు ఇంట్లో పుట్టిన పిల్ల ఇంట్లో ఒక భాష మాట్లాడుతుంది, బడిలో ఇంకొకటి చదువుతుంది, సంతలో మూడోదాంట్లో బేరమాడుతుంది. ఆ పిల్ల రాయబోయే అద్భుత కథకు వెనక ఏముంది, చేతికందేది ఏముంది, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నవే ఈ వ్యాసం విషయాలు.

పేరు సంగతి

అమెరికా గ్రంథాలయ సంఘాల వాడుకలో యంగ్ అడల్ట్ అంటే పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు. 1967లో వచ్చిన ఎస్. ఇ. హింటన్ నవల ‘ది అవుట్‌సైడర్స్’తో ఈ వర్గానికి ఒక రూపం వచ్చిందని సాధారణంగా చెబుతారు. పుస్తకం వెలువడేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లే. అద్భుత కథ విషయంలో క్రిస్టఫర్ పావొలీని పేరు చెప్పుకోవాలి. పదిహేనేళ్ల వయసులో ‘ఎరగాన్’ మొదలుపెట్టాడు. మొదట వాళ్ల కుటుంబమే అచ్చు వేయించి ఊరూరా తిరిగి అమ్ముకుంది, 2003లో పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుంది. 1997లో హ్యారీ పోటర్, 2005లో ‘ట్వైలైట్’ వచ్చాక ఫాంటసీ, పారానార్మల్ అనే ఈ రెండు దారులూ ప్రపంచమంతా తెలిశాయి.

తెలుగులో ఈ వయసుకు స్థిరపడిన మాట లేదు. బాల సాహిత్యం అంటే చిన్నపిల్లలది. నవల అంటే పెద్దలది. మధ్యనున్న కిశోరానికి ఒక అర కేటాయించిన పుస్తకాల దుకాణం అరుదు. ఫాంటసీకి మాత్రం మన దగ్గర చక్కని వాడుక మాట ఉంది: జానపదం. సినిమావాళ్లు ‘జానపద చిత్రం’ అంటే పల్లెపాటల సినిమా అనే అర్థం రాదు, కత్తి యుద్ధాలు, మాంత్రికుడు, ఎగిరే గుర్రం కళ్ల ముందుకొస్తాయి. ఆ సినిమాలకు పేరు పడిన బి. విఠలాచార్య ఉడుపి వైపు కన్నడిగుడు కావడం ఈ వ్యాసానికి బాగా అతుకుతుంది. కన్నడ నేల మీద పుట్టినవాడు తెలుగు పిల్లలకు దయ్యాలను చూపించాడు.

వయసును బట్టి గీసే ఈ వర్గానికి అసలు గుర్తు వేరే ఉందని నా అభిప్రాయం. కథ చెప్పే చూపు ఆ వయసుదై ఉండాలి. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చెప్పే జ్ఞాపకంలా ఉండకూడదు. తనకు జరుగుతున్నది తనకే పూర్తిగా అర్థం కాని మనిషి, అర్థమైనంత మేరకు చెబుతున్నట్టు ఉండాలి. ఒంట్లో వచ్చే మార్పు, ఇంట్లో మాట చెల్లకపోవడం, స్నేహం విరగడం, మొదటిసారి తప్పు చేయడం, ఇవన్నీ మాయతో ముడిపడినప్పుడే అది కిశోర అద్భుత కథ అవుతుంది. లేకపోతే చిన్న వయసు హీరో ఉన్న జానపదం అవుతుంది.

గుణాఢ్యుడి మంట

మన అద్భుత కథలకు మూలపురుషుడు గుణాఢ్యుడు. ఆయన గురించిన కథ పదకొండో శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉంది. శాతవాహన రాజు జలక్రీడలో ఉండగా రాణి నీళ్లు చల్లవద్దని సంస్కృతంలో అంటే, ఆయన ఆ మాటలో సంధి విడదీయలేక, మోదకాలు అడిగిందనుకుని తెప్పించాడు. సిగ్గుపడి వ్యాకరణం నేర్చుకోవాలనుకున్నాడు. ఆరేళ్లు పడుతుందన్నాడు ఆయన కొలువులో ఉన్న గుణాఢ్యుడు. ఆరు నెలల్లో నేర్పుతానన్నాడు అదే కొలువులోని శర్వవర్మ. నేర్పగలిగితే నేను సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కాసి ఓడిపోయాడు. అడవికి పోయి కాణభూతి అనే పిశాచం నోటి వెంట కథలు విన్నాడు. మిగిలిన భాష పైశాచి ఒక్కటే. సిరా లేక తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాలు రాశాడు.

శిష్యులు ఆ గ్రంథాన్ని రాజుకు చూపిస్తే, పిశాచ భాష, నెత్తుటి రాత అని తిప్పి పంపాడు. గుణాఢ్యుడు గుండం వెలిగించి, ఒక్కొక్క ఆకు చదివి జంతువులకు వినిపిస్తూ నిప్పులో వేశాడు. మేత మానేసి జంతువులు విన్నాయి. వాటి మాంసం చప్పబడి రాజు జబ్బుపడ్డాడు. ఆరా తీసి పరుగెత్తుకొచ్చేసరికి ఆరు లక్షలు బూడిదయ్యాయి. మిగిలిన లక్షే బృహత్కథ.

తిరస్కారం తెలిసిన ప్రతి కొత్త రచయితకూ ఈ కథ సొంతంలా ఉంటుంది. దుబల్గుండి వైపు చదువరికి ఇంకొక దగ్గరితనం కూడా ఉంది. శాతవాహనుల ప్రతిష్ఠానం, ఇప్పటి పైఠాణ్, గోదావరి ఒడ్డున ఉంది. బీదరు జిల్లా నీటిని మోసుకుపోయే మంజీర చివరికి ఆ గోదావరిలోనే కలుస్తుంది. పైగా గుణాఢ్యుడు రాసింది సభకు గౌరవం అనిపించని భాషలో. బడి భాష కాని భాషలో రాయబోతున్న పిల్లకు అదేమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

గొడగూచి పాలగిన్నె

పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణం రాశాడు. అందులో బసవన్న మంత్రిగా ఉన్న కల్యాణం ఈనాటి బసవకల్యాణ్, అదే బీదరు జిల్లాలో ఉంది. ఆ పుస్తకం నిండా అద్భుతాలే. బసవన్న చేతిలో జొన్నలు ముత్యాలవుతాయి. జొన్న పండే నేల మీద పుట్టిన అద్భుతం కాబట్టి ఆ మార్పు వినేవాళ్ల కంచంలోనే జరిగినట్టు ఉంటుంది.

ఇందులో గొడగూచి అనే చిన్నపిల్ల కథ ఉంది. తండ్రి రోజూ గుడిలో శివుడికి పాలు నివేదించేవాడు. ఊరికి పోతూ ఆ పని కూతురికి అప్పగించాడు. దేవుడు పాలు నిజంగానే తాగుతాడని ఆ పిల్ల నమ్మకం. గిన్నె ముందు పెట్టి కూర్చుంది. శివుడు తాగలేదు. బతిమాలింది, ఏడ్చింది, తల బాదుకుని చస్తానంది. అప్పుడు తాగాడు. ఇక రోజూ తాగాడు. తండ్రి తిరిగొచ్చి ప్రసాదం పాలేవని అడిగితే, ఆయనే తాగేశాడంది. తండ్రి నమ్మలేదు, పాలు నువ్వే తాగి అబద్ధమాడుతున్నావన్నాడు. చూపిస్తానని తీసుకెళ్లింది. తండ్రి ఎదుట శివుడు గిన్నె ముట్టలేదు. తండ్రి కొట్టబోతే పిల్ల పరుగెత్తి లింగాన్ని కౌగిలించుకుంది. లింగం ఆమెను తనలో కలుపుకుంది.

పారానార్మల్ కిశోర కథకు కావలసిన ఎముకలగూడు మొత్తం ఇక్కడే ఉంది. పిల్ల ఒంటరిగా ఉండగా అద్భుతం జరుగుతుంది. సాక్షి ఉండడు. పెద్దలు నమ్మరు. నిరూపించబోయిన క్షణంలోనే అద్భుతం ముఖం చాటేస్తుంది. పిల్ల చెల్లించే వెల చాలా పెద్దది. ఈనాటి పాశ్చాత్య నవలలు ఇదే పునాది మీద మూడువందల పేజీలు కడుతున్నాయి. భక్తి కథగా విన్నప్పుడు ముగింపు మోక్షం. కిశోర కథగా చదివితే అది నమ్మని తండ్రి కథ కూడా. ఆ తండ్రి ఆ రాత్రి ఇంటికెళ్లి ఏం చేశాడు, గిన్నె ఎక్కడ పెట్టాడు అని ఎవరైనా ఒక కొత్త రచయిత అడిగితే, ఆ ప్రశ్నకు ఒక నవల పుడుతుంది.

కాశీ దారిలో

పదహారో శతాబ్దపు పింగళి సూరన కళాపూర్ణోదయం చేసిన పని మరొకటి. రంభా నలకూబరులు, మాయరూపాలు, మణిస్తంభుడనే సిద్ధుడు, పూర్వజన్మను చెప్పే పసిబిడ్డ, అన్నీ ఒకదానిలో ఒకటి పెట్టి, ముడి చివర విప్పాడు. కల్పిత కథను ఇంత పకడ్బందీగా అల్లినవాడు అంతకుముందు తెలుగులో లేడు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’లో ఈ కావ్యాన్ని ఎత్తిపట్టడానికి ఆ అల్లికే ముఖ్య కారణం. తర్వాత మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు సంపుటాల కాశీమజిలీ కథలు రాశారు. కాశీయాత్రలో మజిలీ మజిలీకి గురువు వెంట వచ్చే పిల్లవాడికి కథ చెప్పడం వాటి చట్రం. దారి నడిపించడానికి కథ కావాలి, కథ చెప్పడానికి దారి కావాలి. 1951లో కె. వి. రెడ్డి ‘పాతాళభైరవి’కి ఈ కథల ఛాయ ఉంది. తోటరాముడు తోటమాలి కొడుకు, రాజకుమారుడు కాడు. అతన్ని తెలుగు ప్రేక్షకులు సొంతం చేసుకోవడంలో ఆ సంగతికి పెద్ద పాలు ఉంది.

చందమామ యుగం

1947 జులైలో మద్రాసులో చక్రపాణి, బి. నాగిరెడ్డి ‘చందమామ’ను తెలుగులో, తమిళంలో మొదలుపెట్టారు. రెండేళ్లకు 1949లో కన్నడ ‘చందమామ’ వచ్చింది. అంటే బీదరు పిల్లకు ఒకే కథ, ఒకే బొమ్మ, ఇంటి భాషలోనూ బడి భాషలోనూ దొరికే రోజులు అవి.

దాసరి సుబ్రహ్మణ్యం 1952లో పత్రికలో చేరారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి పన్నెండు ధారావాహికలు రాశారు: మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. ఆ పేర్లు చదువుతుంటేనే ఒక తరానికి ఒళ్లు జలదరిస్తుంది. ధారావాహిక మీద రచయిత పేరు అచ్చయ్యేది కాదు. లక్షలమంది పిల్లలకు నెలనెలా ఊపిరి బిగబట్టించిన మనిషి ఎవరో ఆ పిల్లలకు చాలా ఏళ్ల తర్వాత, పెద్దయ్యాకే తెలిసింది. ఆయన 2010లో కన్నుమూశారు.

దాసరి పద్ధతిని కొత్త రచయితలు దగ్గరగా చూడాలి. హీరోలు సాధారణంగా జంటగా వస్తారు: శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు. ఇద్దరు ఉంటే సంభాషణ ఉంటుంది, సంభాషణ ఉంటే కథ కదులుతుంది, రచయిత పక్కన నిలబడి వివరించాల్సిన పని తప్పుతుంది. ప్రతి భాగం ఒక ప్రమాదం అంచున ఆగుతుంది. మాంత్రికులకు బలంతోపాటు మూర్ఖత్వం, అత్యాశ, పరస్పర అసూయ ఉంటాయి కాబట్టి వాళ్లు గుర్తుంటారు. చందమామ చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన బొమ్మలు ఆ లోకానికి గోడలు, కోరలు, కిరీటాలు ఇచ్చాయి. శంకర్ గీసిన విక్రమార్కుడు భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే బొమ్మ బేతాళ కథలకు శాశ్వత ముఖమైంది. మూలంలో ఉన్న పాతిక కథలు అయిపోయాక కూడా ఆ చట్రంలో కొత్తవి వందలు పుట్టాయి. చట్రం గట్టిదైతే ఎందరి చేతులైనా అందులో నేయగలవు.

ఆ పత్రికను 1952 నుంచి 1980లో చనిపోయేదాకా తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాది, మార్క్సిస్టు. దయ్యాలను నమ్మని మనిషి ఇరవై ఎనిమిదేళ్లు దయ్యాల కథలకు వాక్యం దిద్దాడు. నమ్మకం వేరు, కల్పన వేరు అని ఆయన చేతల్లో చూపించాడు. అందుకే ఆ కథల్లో భూతాలుంటాయి కానీ భూతవైద్యుడికి డబ్బులిమ్మని చెప్పే వాక్యం కనిపించదు.

చందమామ ఇవ్వనిది కూడా చెప్పుకోవాలి. ఖడ్గవర్మ చివరి భాగంలో ఎలా ఉన్నాడో మొదటి భాగంలోనూ అలాగే ఉన్నాడు. అతనికి భయం వేస్తుంది, అవమానం కలగదు. తల్లితో పోట్లాడడు. ఆడపిల్లలు ఎక్కువగా రక్షించబడడానికి ఉంటారు. పదేళ్లవాళ్లకు అది చాలు. పదిహేనేళ్లవాళ్లకు చాలదు. ఆ ఖాళీని తర్వాతి తరం పిల్లలు ఇంగ్లీషు పుస్తకాలతో నింపుకున్నారు, ఇంగ్లీషు రానివాళ్లు నింపుకోలేదు. పత్రిక 2010ల తొలినాళ్లలో ఆగిపోయింది. ఈనాడు సంస్థ నడిపిన ‘బాలభారతం’, నెలకో నవల ఇచ్చిన ‘చతుర’, కథల ‘విపుల’ 2021లో నిలిచిపోయాయి. కొత్త రచయిత మొదటి మెట్టుగా ఎక్కే చోట్లు ఒక్కసారిగా తగ్గాయి.

తులసిదళం, బాణామతి

1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ తెలుగు పారానార్మల్ నవలకు మలుపు. చిన్నపాప మీద చేతబడి, దానికి ఎదురుగా వైద్యం, హిప్నాటిజం. రెండు వివరణలనూ పక్కపక్కన నడిపించి పాఠకుణ్ణి ఎటూ తేల్చుకోనివ్వకపోవడం ఆ నవల నేర్పు. పెద్దలకని రాసిన ఆ నవలను ఇంట్లో దాచి చదివినవాళ్లు ఎక్కువగా పదిహేనేళ్ల పిల్లలే. కన్నడంలోకీ వెళ్లింది, 1985లో అక్కడ సినిమా అయింది. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని ఘాటుగా ఖండించారు. ఆ వాదన ఇప్పటికీ ముగియలేదు, ముగియకూడదు కూడా.

బీదరు దిక్కున ఈ వాదన పుస్తకాల్లో ఆగదు. తెలంగాణ పల్లెల్లోనూ, కర్ణాటక ఈశాన్య జిల్లాల్లోనూ బాణామతి అన్న మాటకు మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పక్కింటి ముసలమ్మ చూపు పడిందని, ఫలానావాడు ఏదో పెట్టాడని కొట్టిన సంఘటనలు నిజంగా జరిగినవే. కర్ణాటక 2017లో అమానవీయ దురాచారాలు, చేతబడి నివారణ, నిర్మూలన చట్టం చేసింది. అది 2020 జనవరిలో అమల్లోకొచ్చింది. బాణామతి పేరిట చేసే హింస అందులో పేరు పెట్టి చెప్పిన నేరం.

కాబట్టి ఇక్కడ రాసే మనిషి ఒక్క విషయంలో గట్టిగా ఉండాలి. నిజమైన పల్లెలో, నిజమైన కులం, నిజమైన వృత్తి ఉన్న ఒంటరి ఆడమనిషిని మంత్రగత్తెగా చూపించి, ఆమెను చంపడం పరిష్కారంగా రాయకూడదు. భయం పుట్టించడానికి అది తేలిక దారి, ఆ భయం పుస్తకం మూసినా పోదు, పక్కింటికి పోతుంది. అదే ముసలమ్మ మనవరాలి చూపు నుంచి రాస్తే కథ తిరగబడుతుంది. ఊరంతా అవ్వను అనుమానిస్తోంది, పిల్లకు మాత్రం నిజంగానే ఏదో కనిపిస్తోంది, చెబితే అవ్వ మీదికే వస్తుంది. చెప్పాలా వద్దా? దయ్యం కన్నా ఆ ప్రశ్నే ఎక్కువ రాత్రులు నిద్ర చెడగొడుతుంది.

నేలలో ఉన్న మాయ

అద్భుత లోకానికి నియమాలుండాలి, మాయకు వెల ఉండాలి అని రచనా తరగతుల్లో చెబుతారు. బీదరులో ఆ పాఠం కంసాలి పని దగ్గర దొరుకుతుంది. బిద్రీ పాత్ర జింకు, రాగి కలిపిన లోహంతో పోస్తారు, జింకు పదహారు పాళ్లయితే రాగి ఒక పాలు. ఆ లోహం మీద ఉలితో తీగలు, పువ్వులు చెక్కి, గాళ్లలో వెండి తీగ కొట్టి కూరుస్తారు. ఆ దశలో వెండీ లోహమూ ఒకే రంగు, చెక్కిన బొమ్మ దాదాపు కనపడదు. చివర నవసాగరంతో కలిపిన మట్టి నీళ్లలో వేడి చేసి తీస్తారు. లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఆ మట్టి ఎక్కడిదైనా పనికిరాదు. బీదరు కోటలో వందల ఏళ్లుగా ఎండ వాన తగలని చోటిది కావాలి. పనివాళ్లు మట్టిని నాలుక మీద వేసుకుని సరైనదో కాదో తేలుస్తారు.

ఇందులో ఒక్క అబద్ధమూ లేదు, అయినా చదివితే మంత్రంలా ఉంది. మట్టి తగ్గిపోతే ఏమవుతుంది? రుచి తెలిసిన నాలుక ఊళ్లో ఒక్కటే మిగిలితే? ఆ నాలుక పదమూడేళ్ల పిల్లదైతే? కొత్త రచయిత మాయను ఎక్కడి నుంచో ఎరువు తెచ్చుకోనక్కర్లేదు.

బీదరు చుట్టూ ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఝరణి నరసింహస్వామి గుడికి కొండ సొరంగంలో మూడువందల మీటర్ల మేర నీళ్లలో నడిచి వెళ్లాలి. కప్పుకు గబ్బిలాలు వేలాడుతుంటాయి. జలాసురుడనే రాక్షసుణ్ణి స్వామి చంపితే వాడే నీరై పాదాల దగ్గర పారుతున్నాడని స్థలపురాణం. నౌబాద్ దగ్గర బహమనీ సుల్తానుల నాటి కరేజ్ ఉంది. భూమి లోపల కాలువ, పైన ఇరవై పైచిలుకు గాలి బావులు. 1458 నుంచి 1461 దాకా ఏలిన హుమాయూన్ షా సమాధి అష్టూరులో పిడుగు పడి సగానికి చీలి నిలబడి ఉంది. క్రూరుడని పేరు పడ్డ సుల్తాను కావడంతో జనం ఆ చీలికకు తమ అర్థం చెప్పుకున్నారు. పక్కనే అహ్మద్ షా వలీ సమాధిని ముస్లింలు వలీగా, హిందువులు అల్లమప్రభువుగా కొలుస్తారు. 1472లో కట్టిన మహమూద్ గవాన్ మదరసాలో సగం 1696లో మందుగుండు పేలి పోయింది. ఎత్తైన మినార్లలో ఒకటే మిగిలింది. లేని రెండో మినారు నీడ సాయంత్రం పూట కనిపిస్తుందని రాస్తే చాలు, పదిహేనేళ్ల పాఠకుడు పేజీ తిప్పుతాడు.

మాట, చూపు

యాస మీద కొత్త రచయితలకు అనవసరమైన సిగ్గు ఉంటుంది. కథనం పుస్తకాల తెలుగులో ఉండి, మాటలు ఇంటి తెలుగులో ఉంటే చదువరికి ఇబ్బంది లేదు. ఝరణి సొరంగంలో ఒక అవ్వా మనవరాలూ నడుస్తున్నారనుకుందాం.

“నీళ్లు ఎంత దాంక వస్తయి అవ్వా?”

“నీకు ఛాతి దాంక. పైకి చూడకు, గబ్బిలాలుంటయి. నా కొంగు పట్టుకో.”

“కొంగు తడిసిందే.”

“తడిసినా పట్టుకో బిడ్డా.”

పది అడుగులు వేశాక చేతిలో కొంగు పొడిగా తగిలింది.

ఇక్కడ దయ్యం అన్న మాట లేదు. భయంకరమైన, గుండెలదిరే వంటి విశేషణాలు లేవు. ఒక తడి గుడ్డ పొడిగుడ్డ అయింది, అంతే. ముందే తడి సంగతి చెప్పి ఉంచడం వల్ల ఆ పొడితనం పని చేస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. సినిమా చూసి రాస్తారు, సినిమాకు నేపథ్య సంగీతం ఉంది, కాగితానికి లేదు. కాగితం మీద భయానికి ఆధారం వస్తువులే.

చారిత్రక పాత్రల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. వలీ సమాధికీ, బసవన్న అనుభవ మంటపానికీ ఇప్పటికీ మొక్కేవాళ్లున్నారు. కల్పిత రాజ్యానికి వేరే పేరు పెట్టుకుని ఈ కట్టడాల ఆకారం, నీరు, రాయి వాడుకోవడం మేలు. ‘బాహుబలి’ మాహిష్మతిని అలాగే కట్టింది. పేరు పాతది, ఊరు కొత్తది.

అచ్చు, తెర

2015, 2017లలో ‘బాహుబలి’, 2023లో చేతబడి చుట్టూ తిరిగే ‘విరూపాక్ష’, 2024లో ‘హను-మాన్’ చూసిన తెలుగు కుర్రకారుకు అద్భుతం మీద ఆకలి లేదని ఎవరూ అనలేరు. పుస్తకం రూపంలో అది వాళ్లకు అందడం లేదు. అచ్చు పత్రికలు తగ్గాక కొత్తవాళ్లు ఎక్కువగా ఫోను తెర మీదికి వెళ్లారు. హైదరాబాదులో 2010లో మొదలైన కినిగె తెలుగు ఈ-పుస్తకాలకు దారి వేసింది. బెంగళూరులో 2014లో మొదలైన ప్రతిలిపిలో తెలుగు ధారావాహికలు భాగాలు భాగాలుగా వస్తాయి, దయ్యాల కథలకు అక్కడ గిరాకీ ఎక్కువ. భాగం చివర ఆపే కిటుకు దాసరిదే, నెల రోజుల ఎదురుచూపు మాత్రం ఒక్క రోజుకు తగ్గింది. రోజుకో భాగం రాయాల్సిన తొందరలో లోకం నియమాలు మధ్యలో మారిపోతుంటాయి. మొదటి భాగం పెట్టకముందే చివరి భాగం రాసి ఉంచుకున్నవాళ్ల కథలు నిలబడతాయి.

అచ్చు వైపు పోటీలు పెద్ద ఆసరా. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా, సికింద్రాబాదు ప్రచురణ సంస్థ ‘మంచి పుస్తకం’ కలిసి పిల్లల పుస్తకాలకు పోటీలు పెట్టాయి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం, 2011 నుంచి ముప్పై అయిదేళ్లలోపు రచయితలకు యువ పురస్కారం ఇస్తోంది. ఈ రెండింటి మధ్య కిశోర నవలకు ప్రత్యేకమైన కుర్చీ లేదు. ఏటా డిసెంబరు చుట్టుపక్కల జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు దుబల్గుండి నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. సొంతంగా అచ్చు వేసుకున్నవాళ్లు పుస్తకాలు అక్కడికే మోసుకెళ్తారు, పావొలీని కుటుంబం చేసిన పనే.

బడిలో తెలుగు లేని పిల్ల రాత నేర్చుకోవడం అన్నిటికన్నా కష్టమైన మెట్టు. కన్నడ లిపి చేతికి వచ్చినవాళ్లకు తెలుగు లిపి పరాయిది కాదు, రెండూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి. తలకట్టు తేడా, కొన్ని అక్షరాల మెలిక తేడా పట్టుకుంటే కొన్ని వారాల్లో చదవడం వస్తుంది. రాయడానికి ఇంకా కొంత కాలం పడుతుంది, ఒత్తుల దగ్గర చెయ్యి తడబడుతుంది. ఆ పిల్ల కన్నడంలోనే రాసి తర్వాత తెలుగు చేసుకున్నా, తెలుగులో రాసి కన్నడం చేసుకున్నా ఆ దారిలో తనే మొదటిది కాదు. సోమనాథుడి బసవపురాణాన్ని భీమకవి 1369లో కన్నడంలోకి తీసుకుపోయాడు. గొడగూచి కూడా ఆ దారినే తన పాలగిన్నె పట్టుకుని కన్నడంలోకి వెళ్లింది.